డబ్బా, కర్ర, రెండు తీగలు: సొంత వాయిద్యం చేసుకుని వాయించడం ఎలా

ఒక రేకు డబ్బా, ఒక గట్టి చెక్క పట్టీ, రెండు గిటార్ తీగలు ఉంటే మీ పాటకి తోడుగా మీరే ఒక వాయిద్యం చేసుకోవచ్చు. రంపం, డ్రిల్ పట్టుకోవడం తెలిసినవాళ్లకి ఇది ఒక సెలవు రోజు పని. అసలు పని తర్వాత మొదలవుతుంది. చాలామంది ఇలా చేసిన వాయిద్యాన్ని చవక గిటార్‌లా చూస్తారు. గిటార్ మీద వచ్చే కార్డులన్నీ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) దీని మీదా పలికించాలని చూసి, పలకకపోయేసరికి మూలన పడేస్తారు. గిటార్ చేసే పనికి గిటార్ ఉంది. ఇంట్లో చేసిన వాయిద్యం బలం వేరే చోట ఉంది: గుర్రం (తీగని పైకెత్తి పట్టే చిన్న చెక్క ముక్క) ఎక్కడ నిలబెట్టాలి, తీగ ఎంత బిగించాలి, గరగర ఉంచాలా తీసేయాలా అన్నవన్నీ మీ చేతిలోనే ఉంటాయి, పాట మధ్యలో కూడా మార్చుకోవచ్చు. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒక్క నియమం పాటించండి. దేన్నీ జిగురుతో అతికించొద్దు. కదిలేదాన్ని కదిలేలాగే ఉంచండి.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికాలోని మిసిసిపీ ప్రాంతంలో నల్లజాతి కుటుంబాల పిల్లలు గోడకి రెండు మేకులు కొట్టి, తీగ లాగి కట్టి, కింద సీసా దూర్చి వాయించేవారు. దాని పేరు డిడ్లీ బో. బ్లూస్ గిటారిస్టుల్లో కొందరి చేతులు మొదట తిరిగింది దాని మీదే. బ్రెజిల్‌లో బెరింబావు అనే విల్లు లాంటి వాయిద్యానికి ఇప్పుడు కట్టే తీగ పాత కారు టైర్లలోంచి లాగిన ఉక్కు తీగ. వియత్నాం వాళ్ల డాన్ బావు అనే వాయిద్యానికి ఉన్నది ఒక్కటే తీగ, దాంతోనే పూర్తి పాటలు పలికిస్తారు. వీళ్ల పద్ధతులు కొన్ని మనకి ముందు ముందు పనికొస్తాయి.

సామాను ఎంచుకోవడం

దండి, అంటే వాయిద్యం పొడవునా సాగే కర్ర, కోసం 90 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి చెక్క పట్టీ తీసుకోండి. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని రెండో కొస వైపు చూస్తే వంపు ఉందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. కణుపులు ఉన్న చెక్క వద్దు. తీగ లాగే చోట కణుపు ఉంటే కొన్నాళ్లకి పట్టీ అక్కడే వంగుతుంది. రెండు తీగలు కలిపి దాదాపు 13, 14 కిలోల బలంతో లాగుతాయి కాబట్టి మెత్తటి చెక్క నిలబడదు.

డబ్బా గుండ్రంగా, 18 సెంటీమీటర్ల వెడల్పు, 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతు ఉంటే బాగుంటుంది. మూత బిగుతుగా పట్టాలి. ఒక చిన్న కిటుకు చెబుతాను. డబ్బాని తలకిందులు చేసి, అడుగు భాగాన్ని వాయిద్యానికి ముఖంగా వాడండి. అడుగు రేకు అంచులకి గట్టిగా మడిచి ఉంటుంది కాబట్టి గలగలలాడదు. మూత వెనక్కి వస్తుంది, కావాలంటే తీయొచ్చు, పెట్టొచ్చు. ఈ ఒక్క ఏర్పాటు తర్వాత మీకు రెండు విధాలుగా ఉపయోగపడుతుంది.

తీగల విషయంలో కొంచెం జాగ్రత్త. ఎలక్ట్రిక్ గిటార్‌కి వాడే 10 నంబర్ సెట్ కొనండి. అందులో మూడో తీగ 0.017 అంగుళాల సాదా ఉక్కు తీగ, నాలుగోది 0.026 అంగుళాల చుట్టిన తీగ (పైన ఇంకో సన్న తీగ చుట్టి ఉంటుంది). మనకి ఈ రెండే కావాలి. అకూస్టిక్ గిటార్ సెట్‌లో సాధారణంగా మూడో తీగ కూడా చుట్టినదే ఉంటుంది. దాని మీద స్లైడ్ (తీగకి ఆనించి జరిపే గొట్టం లేదా కడ్డీ) జరిపితే సర్ సర్ మని చప్పుడొస్తుంది.

ఇవి కాక రెండు గిటార్ బిరడాలు (తీగని తిప్పి బిగించేవి), 8 మిల్లీమీటర్ల మందం 4 సెంటీమీటర్ల పొడవు ఉన్న బోల్ట్ ఒకటి, గుర్రానికి గట్టి చెక్క ముక్క, రెండు చిన్న వాషర్లు, స్క్రూలు, రేకు కత్తెర, ఆకురాయి, ఉప్పు కాగితం, స్కేలు. రేకు కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, తీగ బిగించేటప్పుడు కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఉక్కు తీగ తెగితే సూటిగా ముఖం మీదికే వస్తుంది.

కొలతలు పెట్టుకోవడం

పట్టీ ఒక కొసని తోక అనుకోండి. అక్కడి నుంచి 3 సెంటీమీటర్లు వదిలి డబ్బా మొదలవుతుంది. డబ్బా 18 సెంటీమీటర్లు కాబట్టి దాని నడిబొడ్డు తోక నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. గుర్రం మొదట అక్కడే నిలబెడతాం. అక్కడి నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్లు కొలిచి, అంటే తోక నుంచి 72 దగ్గర, అడ్డంగా గీత గీయండి. తీగకి రెండో ఆధారంగా బోల్ట్ అక్కడ కూర్చుంటుంది. మిగిలిన 18 సెంటీమీటర్లు బిరడాలకి.

60 సెంటీమీటర్లే ఎందుకంటే, స్వరస్థానాల లెక్క దాదాపు అంతా పూర్ణాంకాల్లో వస్తుంది. కాసేపట్లో చూస్తారు.

ఇప్పుడు తల భాగం పలచన చేయాలి. బోల్ట్ గీత దాటి 2 సెంటీమీటర్ల తర్వాత నుంచి చివరిదాకా, పై వైపు నుంచి 1 సెంటీమీటర్ మందం రంపంతో కోసేయండి. 1.5 సెంటీమీటర్లు మిగులుతుంది. గిటార్ బిరడాలు ఈ మందానికే సరిగ్గా అమరుతాయి. తల కిందికి దిగడంవల్ల తీగ బోల్ట్ మీద నుంచి కిందికి వంగి, దాని మీద ఒత్తుకుని నిలుస్తుంది. ఈ వంపు లేకపోతే తీగ బోల్ట్ మీద ఎగిరెగిరి పడి, మీటిన ప్రతిసారీ జుయ్ మంటుంది.

బోల్ట్ కూర్చునే చోట ఆకురాయితో 2 మిల్లీమీటర్ల లోతు గాడి చేస్తే అది దొర్లదు. బోల్ట్‌కి ఉన్న మరలే తీగలకి గాళ్లుగా పనిచేస్తాయి. రెండు తీగల మధ్య 15 మిల్లీమీటర్లు ఎడం ఉంచండి. అంతకంటే దగ్గరైతే ఒక తీగ మీద స్లైడ్ పెట్టినప్పుడు రెండోదానికి తగులుతుంది.

తోక కొస నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోపల, అదే 15 మిల్లీమీటర్ల ఎడంతో రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేయండి. గిటార్ తీగ కొసన ఉండే చిన్న ఇత్తడి గుండు అడుగు నుంచి పట్టుకుంటుంది. గుండుకీ చెక్కకీ మధ్య వాషర్ పెట్టడం మరిచిపోవద్దు. లేకపోతే గుండు మెల్లగా చెక్కని తినేస్తూ లోపలికి దిగిపోతుంది, శ్రుతి గంటగంటకీ జారుతుంది. శ్రుతి నిలవడం లేదని బిరడాలని అనుమానించేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి.

డబ్బాకి కన్నాలు పెట్టడం

దండి డబ్బాలోంచి దూసుకుపోవాలి, కానీ ముఖం రేకుకి తగలకూడదు. తగిలితే రేకు కదలదు, మోత రాదు. అందుకని డబ్బా పక్క గోడ మీద, ముఖం అంచు నుంచి 5 మిల్లీమీటర్లు కిందికి వదిలి, 4 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం గీయండి. ఎదురు గోడ మీదా సరిగ్గా అలాంటిదే.

రేకుని పూర్తిగా కోసి పారేయొద్దు. పై గీత, కింది గీత, మధ్యలో నిలువుగా ఒక గీత, ఈ మూడే కోయండి. రెండు రెక్కలు మిగులుతాయి. వాటిని లోపలికి మడవండి. దండి దూర్చాక ఆ రెక్కలు దాని రెండు పక్కలా ఆనుకుంటాయి. వెనక మూత తీసి, రెక్కకొక చిన్న స్క్రూ బిగిస్తే డబ్బా ఇక కదలదు. రేకు అంచులకి ఆకురాయి పట్టి, పైన ఎలక్ట్రికల్ టేప్ వేయండి.

గుర్రం 4 సెంటీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. కింద పాదం వెడల్పుగా, పైన తీగ ఆనే చోట సన్నగా చెక్కండి. పాదం ఇరుకైతే పలచటి రేకు అక్కడ సొట్టపోతుంది. తీగ డబ్బా తోకవైపు అంచుని ఒరుసుకునే చోట చిన్న తోలుముక్క పెట్టండి.

ముందు తీగలు తోక రంధ్రాల్లోంచి లాగి బిరడాలకి చుట్టండి. కాస్త బిగువు వచ్చాక గుర్రాన్ని కింద దూర్చి నిలబెట్టండి. తర్వాత రెండు తీగలనీ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోండి. కొత్త తీగ మొదటి రోజంతా సాగుతూనే ఉంటుంది. టెన్షన్ పడొద్దు, మళ్లీ మళ్లీ శ్రుతి చేస్తూ ఉండండి.

శ్రుతి

సాదా తీగ మీ షడ్జమం, అంటే 'స'. గిటార్‌లో అది పలికే జి స్వరానికే పెట్టండి, అంటే సెకనుకి 196 కంపనాలు. 60 సెంటీమీటర్ల పొడవులో ఈ తీగ మీద అప్పుడు ఆరున్నర కిలోల బలం పడుతుంది. దండికీ డబ్బాకీ అది హాయిగా సరిపోతుంది. మీ గొంతుకి జి ఎక్కువైతే ఎఫ్‌కి దించండి, చాలకపోతే ఎ దాకా పెంచొచ్చు. చుట్టిన తీగని కింది పంచమానికి ('ప'), అంటే డి కి కలపండి. ట్యూనర్ యాప్‌తో దగ్గరికి తెచ్చి, చివరి వెంట్రుకవాసి తేడా మాత్రం చెవితో సరిచేయండి. రెండు తీగలూ కలిపి మీటినప్పుడు అలల్లా వినిపించే ఊగిసలాట మెల్లమెల్లగా నెమ్మదించి ఆగిపోవాలి. అది ఆగిన క్షణంలో డబ్బా మోత ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తేడా ఒకసారి చెవికి పట్టుబడితే ఇక యాప్ మీద ఆధారపడరు.

స్వరస్థానాలు గీసుకోవడం

తీగ పొడవు సగమైతే స్వరం పై స్థాయికి వెళుతుంది. మూడింట రెండు వంతులైతే పంచమం. ఈ నిష్పత్తులు ఏ తీగకైనా ఒకటే. గుర్రం దగ్గర స్కేలు సున్నా పెట్టి కొలవండి. చతుశ్రుతి రిషభం 53.3 సెంటీమీటర్ల దగ్గర, సాధారణ గాంధారం 50, అంతర గాంధారం 48, శుద్ధ మధ్యమం 45, పంచమం 40, చతుశ్రుతి ధైవతం 36, కాకలి నిషాదం 32, తారస్థాయి షడ్జమం 30. దండి మీద పెన్సిల్‌తో సన్నగా గీయండి. గిటార్‌కి, వీణకి ఉండే అడ్డ మెట్లు పెట్టొద్దు. తీగ దండికి బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి వేలితో చెక్క దాకా నొక్కితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. ఇది స్లైడ్‌తో వాయించాల్సిన వాయిద్యం.

మెట్లు లేకపోవడం వల్ల వచ్చే లాభం చాలా పెద్దది. మామూలు గిటార్ మెట్ల మధ్య ఎక్కడా దొరకని స్వరాలు ఇక్కడ గీత గీస్తే వచ్చేస్తాయి. 60 ని 7 తో భాగించి 4 తో హెచ్చిస్తే 34.3 సెంటీమీటర్లు. అక్కడ పలికే నిషాదం కొంచెం కిందికి ఉంటుంది, షడ్జమంతో కలిపి మోగిస్తే మాత్రం కదలకుండా నిలబడుతుంది. 43.6 దగ్గర మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ ఇంకో స్వరం ఉంది. అమెరికన్ స్వరకర్త హ్యారీ పార్చ్ (1901–1974) ఇలాంటి నిష్పత్తులతోనే ఒక స్థాయిని 43 స్వరాలుగా విడగొట్టి, వాటిని పలికించే వాయిద్యాలు మార్కెట్‌లో లేవు కాబట్టి తనే తయారుచేసుకున్నాడు. మీకు 43 అక్కర్లేదు. ఒకటో రెండో కొత్త గీతలు చాలు, పాట రంగు మారిపోతుంది.

మొదటి కొన్ని రోజులు: పాట వద్దు

వాయిద్యం సిద్ధమవగానే తెలిసిన పాట ఎత్తుకోవాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఇది ఎలాంటి చప్పుళ్లు చేయగలదో వినండి. ఇది చాలా ముఖ్యం అని గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఈ డబ్బా, ఈ చెక్క, ఈ గుర్రం కలిసి చేసే శబ్దం ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

సాదా తీగని సరిగ్గా మధ్యలో, 30 సెంటీమీటర్ల దగ్గర మీటండి. గుల్లగా, వేణువుకి దగ్గరగా వస్తుంది. మధ్యలో మీటినప్పుడు సరి సంఖ్య అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) అసలు పుట్టవు. ఇప్పుడు గుర్రానికి రెండు వేళ్ల దూరంలో మీటండి. అదే తీగ, అదే స్వరం, కానీ పదునుగా, లోహం మోగినట్టు ఉంటుంది. మధ్య నుంచి గుర్రం దాకా వేలు జరుపుకుంటూ ఒకే స్వరాన్ని ఆగకుండా మీటుతూ వెళ్లండి. ఆ ఒక్క స్వరంతోనే రెండు మూడు నిమిషాలు వినదగ్గ సంగీతం వస్తుంది.

తర్వాత గుర్రం వెనక, తోక వైపు మిగిలిన పొట్టి ముక్కలని గిల్లండి. చిన్న గంటల్లా సన్నగా కీచుమంటాయి. వెనక మూత తీసి మీటండి, పెట్టి మీటండి. సగం తెరిచి అరచేత్తో మూస్తూ తెరుస్తూ మీటండి. బెరింబావు వాయించేవాళ్లు సొరకాయ బుర్ర నోటిని పొట్టకి ఆనించి, తీసి, ఇదే పని చేస్తారు. స్వరం మారదు, కానీ శబ్దం నోరు తెరిచి మూసినట్టు 'వావ్' అంటుంది.

గుర్రాన్ని నడిబొడ్డు నుంచి అంచు వైపు రెండు సెంటీమీటర్లు జరిపి చూడండి. నడిమిన మోత ఎక్కువ. అంచుకి వెళ్లేకొద్దీ సన్నబడి స్పష్టమవుతుంది. జరిపిన ప్రతిసారీ తీగ పొడవు మారుతుంది కాబట్టి మీ పెన్సిల్ గీతలు పనిచేయవు. స్వరాలతో పాట వాయించేటప్పుడు 60 దగ్గరికి తెచ్చుకోండి, మిగతా వేళల్లో స్వేచ్ఛగా తిప్పండి.

స్లైడ్

వాయిద్యాన్ని ఒళ్లో గానీ బల్ల మీద గానీ వెల్లకిలా పడుకోబెట్టండి. చెక్క బల్ల అయితే అదీ కొంత మోగుతుంది. మందపాటి గాజు గొట్టం, నున్నటి ఉక్కు కడ్డీ, ఏదైనా పనికొస్తుంది. మన గొట్టువాద్యంలో చెక్క దిమ్మె వాడతారు, విచిత్ర వీణలో గాజు గుండు. బరువున్నది వాడితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది.

స్లైడ్‌ని తీగ మీద ఆనించాలి, నొక్కకూడదు. అది సరిగ్గా గీత పైన ఉండాలి, గీత వెనక కాదు. స్లైడ్‌కి బోల్ట్ వైపున మిగిలిన తీగ కూడా మోగుతుంది, అది పాటకి అడ్డొస్తుంది. కాబట్టి అదే చేతి చూపుడు వేలిని స్లైడ్ వెనక తీగ మీద మెత్తగా పడేసి ఉంచండి. కొన్నాళ్లకి ఆ వేలు ఎత్తి చూడండి. వెనక పుట్టే ఆ అడ్డ స్వరం స్లైడ్ ముందుకి పోతుంటే కిందికి దిగుతుంది, అంటే పాటకి ఎదురు నడుస్తుంది. ప్రయోగాలు చేసేవాళ్లకి ఇది బంగారం.

ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం ఎంత నెమ్మదిగా అన్నదే స్లైడ్ వాద్యంలో సగం కళ. పంచమం నుంచి షడ్జమానికి ఒక శ్వాసంతసేపు జారండి. మధ్యలో మీ చెవి ఆగమన్న చోట ఆగండి. అక్కడ పెన్సిల్ గీత లేకపోతే, ఒక కొత్త గీత పెట్టుకోండి.

అనుస్వరాలు

30, 20, 15, 12 సెంటీమీటర్ల దగ్గర తీగని వేలితో తాకీ తాకనట్టు తాకి, గుర్రం దగ్గర మీటి, వెంటనే వేలు తీసేయండి. వరసగా పై షడ్జమం, దాని పై పంచమం, ఇంకా పై షడ్జమం, అంతర గాంధారం గంటల్లా మోగుతాయి. డాన్ బావు అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. కుడిచేత్తో ఇలా తాకి మీటుతూ, ఎడమచేత్తో తీగ కొసన ఉన్న వంగే కడ్డీని అటూ ఇటూ వంచి మిగతా స్వరాలు రాబడతారు. మీ దండి తలని కొద్దిగా వెనక్కి నొక్కినా స్వరం కాస్త వణుకుతుంది. గట్టిగా నొక్కొద్దు.

కమాను

రెండు తీగలే కాబట్టి గుర్రం పైభాగం చదునుగా ఉన్నా కమానుతో వాయించొచ్చు. కమానుని ఒక పక్కకి వంచితే ఒక తీగ, ఇంకో పక్కకి వంచితే రెండోది, సమంగా పెడితే రెండూ. వయొలిన్ కమాను ఏదైనా చాలు. వెంట్రుకలకి రోజిన్ (చెట్టు జిగురు గడ్డ) బాగా రుద్దండి. రోజిన్ లేకపోతే కమాను జారిపోతుందే తప్ప తీగని పట్టి లాగదు. లాగడం, వదలడం, మళ్లీ లాగడం, ఇది సెకనుకి వందలసార్లు జరిగితేనే స్వరం నిలుస్తుంది.

మొదట్లో డబ్బా అంచు దాటాక, గుర్రానికి 10, 11 సెంటీమీటర్ల దూరంలో లాగండి. అక్కడ దండి ఇరుకు కాబట్టి చేతికి అడ్డు ఉండదు. పట్టు చిక్కాక డబ్బా మీదికి, గుర్రం దగ్గరికి రండి. శబ్దం బిగుసుకుని అరుపులోకి మారుతుంది. ఆ గీరుడు చప్పుడుకి భయపడొద్దు, దాన్నీ లొంగదీసుకోవచ్చు. చుట్టిన తీగ మీద కమానుని చాలా నెమ్మదిగా, కాస్త బరువుతో లాగుతూ ఉంటే ఒకే స్వరం లోపల పైపై స్వరాలు పుట్టి మాయమవడం వినిపిస్తుంది. దాని మీద పాడి చూడండి.

కమాను అంటే గుర్రపు వెంట్రుకలే అన్న నియమం లేదు. 1977లో అమెరికన్ కళాకారిణి లారీ ఆండర్సన్ వయొలిన్ కమానుకి వెంట్రుకల బదులు రికార్డు చేసిన అయస్కాంత టేపు కట్టి, గుర్రం దగ్గర టేప్ హెడ్ (టేపుని చదివే భాగం) బిగించి, మాటల్నే వాయించింది. అమెరికన్ స్వరకర్త ఎలెన్ ఫుల్‌మన్ 1980ల మొదట్లో మొదలుపెట్టిన వాయిద్యంలో తీగలు గది పొడవునా సాగి ఉంటాయి. ఆమె వేళ్లకి రోజిన్ పూసుకుని, వాటి మధ్య నడుస్తూ తీగల పొడవునా రుద్దుతుంది. మీరూ వేలికి కాస్త రోజిన్ పొడి అద్దుకుని తీగ పొడవునా రుద్దండి. మామూలు స్వరానికి ఎంతో ఎత్తున, ఈల లాంటి శబ్దం వస్తుంది. తీగ అడ్డంగా ఊగకుండా నిలువునా కంపించడంవల్ల వచ్చేదది.

మూడో ఆధారం, కాగితం, దారం

గుర్రం, బోల్ట్ తీగకి రెండు ఆధారాలు, ఇప్పుడు మూడోది పెడదాం. తీగ కింద, దండికీ తీగకీ మధ్యలో, ఒక పెన్సిల్ లాంటిది నిలువునా కాకుండా అడ్డంగా దూర్చండి. ఎత్తు చాలకపోతే కింద చెక్కముక్క పెట్టండి. 20 సెంటీమీటర్ల దగ్గర దూరిస్తే తీగ 20, 40 గా విడిపోతుంది, ఒక వైపు షడ్జమం అయితే రెండో వైపు పై షడ్జమం. 24 దగ్గర పెడితే 24, 36, అంటే మూడుకి రెండు నిష్పత్తి, రెండు ముక్కల మధ్య పంచమం ఎడం. ఇలాంటి చోట్ల ఒక వైపు మీటితే రెండో వైపు తనంతట తాను మోగుతుంది. లెక్కకి అందని చోట, ఉదాహరణకి 27 దగ్గర, పెడితే పగిలిన గంటలా మోగుతుంది. డచ్ వాయిద్య నిర్మాత యూరి ల్యాండ్‌మన్ ఈ మూడో ఆధారం సూత్రాన్నే తీసుకుని వాయిద్యాలు రూపొందించాడు.

1940 ప్రాంతంలో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ పియానో తీగల మధ్య స్క్రూలు, రబ్బరు ముక్కలు దూర్చి దాన్ని తాళవాద్యాల బృందంలా మార్చాడు. మీ రెండు తీగలకీ అదే చేయొచ్చు. గుర్రం దగ్గర కాగితం పట్టీ అల్లితే గరగర. 12 సెంటీమీటర్ల దగ్గర చిన్న క్లిప్ తగిలిస్తే గంట శబ్దం.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది నూలు దారం. తంబూరలో గుర్రం మీద తీగ కింద దారం పెట్టి జీవం తెస్తారు కదా, ఇక్కడా పనిచేస్తుంది. దానికి గుర్రం పైభాగం కత్తి అంచులా కాక 5, 6 మిల్లీమీటర్ల వెడల్పుగా, గుర్తించలేనంత కొద్దిగా వాలుగా ఉండాలి. ఇందుకోసం రెండో గుర్రం చెక్కుకోండి. దారాన్ని తీగ కింద పెట్టి, తీగని మళ్లీ మళ్లీ మీటుతూ వెంట్రుకవాసి చొప్పున జరపండి. చాలాసేపు ఏమీ జరగదు. ఒక చోట మాత్రం తీగ ఉన్నట్టుండి తెరుచుకుని, పై అనుస్వరాలన్నీ బయటికొచ్చి తేనెటీగల గుంపులా మోగుతుంది. అక్కడ వదిలేయండి. మర్నాడు వాతావరణం మారితే ఆ చోటూ కొద్దిగా మారుతుంది, మళ్లీ వెతకాలి.

పాట కట్టడం

ఇప్పుడు మీకు నోటికి వచ్చిన జానపదం ఒకటి తీసుకోండి. తక్కువ స్వరాలు, ఎక్కువ పునరుక్తి ఉన్నదైతే మేలు. గొంతు పాడే వరసనే తీగ మీద మళ్లీ వాయించొద్దు. మొదట చుట్టిన తీగ ఒక్కటే మీటుతూ పాడండి. రెండోసారి చరణానికీ చరణానికీ మధ్య మాత్రం సాదా తీగని పలికించండి, అదీ మూడు స్వరాలు దాటకుండా. మూడోసారి మీరు కనిపెట్టిన శబ్దాల్లోంచి ఒక్కటి తీసుకోండి: కమాను అరుపు, పగిలిన గంట, మూత తెరవడం, ఏదో ఒకటి. పాటలో ఏ మాట దగ్గర అది రావాలో సాహిత్యం చదివి నిర్ణయించండి. ప్రయోగం అంటే అన్ని శబ్దాలూ ఒకే పాటలో కుమ్మరించడం అనుకునేవాళ్లు ఉన్నారు. నా లెక్కలో ఒక పాటకి ఒక్క వింత శబ్దం చాలు. అది వచ్చినప్పుడు వినేవాడు ఉలిక్కిపడాలి, పాట అర్థం కొంచెం ముందుకి జరగాలి.

తాళానికి డబ్బా పక్క గోడ ఉండనే ఉంది. మీటే చేతి బొటనవేలితో తట్టండి.

ప్రతి సాధననీ ఫోన్‌లో రికార్డు చేసి, అప్పుడే వినకుండా మర్నాడు వినండి. వాయించేటప్పుడు చేతికి బాగున్నదీ చెవికి బాగున్నదీ వేరువేరుగా తెలుస్తాయి.

మైకు పెట్టడం

గదిలో నలుగురికి వినిపించాలంటే డబ్బా మోత సరిపోతుంది. అంతకంటే పెద్ద చోటికి 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది) కావాలి. ఒక తీగ మధ్యలోని తెల్లటి పూతకి, ఇంకోటి ఇత్తడి అంచుకి సోల్డర్ చేయండి. వేడి ఎక్కువసేపు తగిలితే పూత ఊడొస్తుంది, కాబట్టి చకచకా ముగించాలి. వెనక మూత తీసి, ముఖం రేకు లోపలి వైపు, గుర్రానికి రెండు సెంటీమీటర్ల పక్కన రెండు వైపులా అంటుకునే టేప్‌తో అతికించండి. ఇత్తడి వైపు వైరుని జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) గ్రౌండ్‌కి కలిపి, ఆ జాక్‌ని డబ్బా గోడకే బిగిస్తే రేకంతా కవచంలా పనిచేసి గుయ్ మనే కరెంటు మోత తగ్గుతుంది.

పీజోని నేరుగా మామూలు మిక్సర్‌లో పెడితే పేలవంగా, కింది స్వరాల్లో బలం లేకుండా వస్తుంది. దానికి కనీసం ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ (బలహీనమైన సంకేతాన్ని పెంచే చిన్న పెట్టె) కావాలి. అకూస్టిక్ గిటార్లకి అమ్మే బ్యాటరీ ప్రీయాంప్ సరిపోతుంది. స్పీకర్ దగ్గర కూర్చుంటే డబ్బా తనంతట తానే ఊళ పెడుతుంది. లోపల దూది కూరండి, లేదా స్పీకర్‌కి పక్కగా తిరగండి. కొందరు ఆ ఊళనే వాయిస్తారు, మూతతో అదుపు చేస్తూ. అది చేసేముందు స్పీకర్ శబ్దం బాగా తగ్గించుకోండి.

వేదిక మీదికి వెళ్లేటప్పుడు

ప్రయాణంలో తీగలని ఒక స్వరం మేర వదులు చేయండి, పూర్తిగా విప్పొద్దు. విప్పితే గుర్రం పడిపోతుంది. గుర్రం నిలిచే చోట ముఖం మీద నాలుగు మూలలా పెన్సిల్ చుక్కలు పెట్టుకుంటే, జరిగినా చీకట్లో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. సంచిలో ఒక్కో తీగకి రెండేసి అదనపు తీగలు, ఇంకో గుర్రం, దారం ఉండ, రోజిన్, చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. వేదిక దీపాల వేడికి ఉక్కు తీగ సాగి స్వరం కిందికి దిగుతుంది. అందుకే వెలుగు పడ్డాక ఐదు నిమిషాలు ఆగి శ్రుతి చేయండి. కలపడం కూడా వినేవాళ్ల ముందే, తొందర లేకుండా, చుట్టిన తీగని మోగిస్తూ చేయండి. ఆ మోతలోంచే మొదటి పాట ఎత్తుకోవచ్చు.